నలభై ఒకటో తేడా

ముందే చెబుతున్నాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. మధ్యలో ఎవరూ నవ్వకండి... నవ్వితే ఆపేస్తాను. ఒకసారి ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

తెల్ల చీర, గజ్జెల చప్పుడు లాంటివి ఇందులో ఏమీ లేవు. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, అందులో రెండు ఎక్సెల్ ఫైళ్ళు. ఎక్సెల్ ఫైలు చూసి వణికిపోయిన మనిషిని మీరు ఎప్పుడూ చూసి ఉండరు. ఇదిగో, మీ ఎదురుగానే కూర్చుంది.

నేను గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుగని ఆఫీసులో క్లర్కునని మీకు తెలుసు. మా నాన్న అదే గనిలో పనిచేశాడు. ఊపిరితిత్తులు చెడిపోయి, ఇక దిగలేడని డాక్టర్లు రాశాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. మా దగ్గర అది పద్ధతి. కార్మికుడు చనిపోయినా, పని చేయలేకుండా పోయినా ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. కాగితాలన్నిట్లో పేర్లు కుదిరితేనే ఇస్తారు.

నాకో జబ్బుంది. తప్పు కనబడితే ఊరుకోలేను. పెళ్ళి పత్రిక చేతికిస్తే ముహూర్తం చూడను, అచ్చుతప్పులు చూస్తాను. హోటల్లో ధరల పట్టిక దిద్ది ఇచ్చి, సర్వరు చేత చివాట్లు తిన్న రోజు కూడా ఉంది. ఇంట్లో ఈ జబ్బుతో మా ఆయన వేగలేడు. ఆఫీసులో మాత్రం దీనికి మంచి పేరు. "సరితక్క చూసిందా? అయితె ఫికర్ లేదు" అంటారు. ఆ మాట వినడమంటే ఎంత ఇష్టంగా ఉండేదో నాకు... ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పోయిన వానాకాలం సంగతి. మా గని కార్మికులు, వాళ్ళ భార్యాపిల్లల పేర్లన్నీ ఉన్న పట్టిక ఒకటుంది. కొన్ని వేల వరుసలు. పాత ఫైలు రెండేళ్ళ కిందటిది. కొత్తది, నేను నెలరోజులు కూర్చుని సరిచేసింది. పాతదానికీ కొత్తదానికీ ఎక్కడెక్కడ తేడా ఉందో, ఎందుకుందో తేల్చి తెల్లారేసరికి సిద్ధం చేయాలని పైనుంచి కబురొచ్చింది. వారసుల ఉద్యోగాలు ఆ పట్టిక చూసే ఇస్తారు.

మా సూపరింటెండెంటు సార్ మంథని నుంచి రోజూ వచ్చిపోయే మనిషి. సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ నా టేబుల్ దగ్గర ఆగారు.

"సరితా, ఒక్కటే మాట. నువ్వు దిద్దద్దు. తేడా ఉన్నకాడ పసుపు రంగు వెయ్యి, పక్కన కారణం రాయి. పొద్దుగాల నేను వచ్చి చూసి పంపిస్త."

"ఎంత రాత్రయినా చేసే పోత సార్."

"ఒక్కదానివే ఉంటవా?"

"మా ఆయన నైట్ షిఫ్టుకు దిగుతడు. పాప అమ్మమ్మ దగ్గరున్నది. ఇంటికి పోయి గోడలు చూసుకుంట కూసోవాలె. గేటుకాడ కొమురన్న ఉంటడు గద సార్."

కొమురయ్య మా వాచ్‌మన్. రాత్రంతా గేటు దగ్గర గొడుగు కింద కూర్చుని ఫోన్లో భజనలు వింటాడు.

రాత్రి షిఫ్టు దిగింది. దిగేముందు మా ఆయన కిటికీలోంచి టిఫిన్ డబ్బా అందించి పోయాడు. టోపీ మీద దీపం వెలిగించి, నాకు కన్ను కొట్టి మరీ పోయాడు. తర్వాత బయట జనం చప్పుడు తగ్గింది. వాన. సన్నగా, ఆగకుండా. దూరంగా రామగుండం పొగగొట్టాల మీది ఎర్ర దీపాలు... అంతే. చప్పుడంటూ ఏదైనా ఉంటే అది ఫ్యాన్‌ది. గనిలో గాలి ఆడించే పెద్ద ఫ్యాన్. రాత్రీ పగలూ, పండగా పబ్బం లేకుండా గుమ్మ్... మంటూ ఉంటుంది. అలవాటైపోయి మాకది వినబడదు. ఆగితే మాత్రం గని మీదున్న ప్రతి మనిషీ లేచి నిలబడతాడు. కింద మనవాళ్ళున్నారు కదా.

పని మొదలుపెట్టాను. పాత గడి, కొత్త గడి ఒకటేనా కాదా అని అడిగే సూత్రం రాసి, మొదటి వరుస నుంచి చివరి దాకా కిందికి లాగాను. ఒకటే అయితే ఖాళీగా ఉంటుంది. కాకపోతే 'తేడా' అని పడుతుంది. మొత్తం ఎన్ని తేడాలో పైన ఒక గడిలో లెక్క వస్తుంది.

మొదటిసారి లాగితే అన్నీ తేడాలే! ఒక్కటి కూడా కలవలేదు. తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. కొత్త ఫైల్లో మధ్యలో ఒక మనిషి చేరితే, ఆ కిందివాళ్ళంతా ఒక్కో వరుస జరుగుతారు. రెండు ఫైళ్ళనూ ఉద్యోగి నంబరు వరసలో పేర్చి, నంబరును బట్టే పేరు వెతికేలా మార్చాను. మళ్ళీ లాగాను. ఇప్పుడు వందల్లో వచ్చాయి. చూస్తే పేర్లన్నీ బాగానే ఉన్నాయి. అక్షరం తేడా లేదు. మరెందుకు? పేరు చివర ఎవరో ఖాళీ మీట నొక్కి వదిలేశారు. మన కంటికి కనబడదు, కంప్యూటరుకు కనబడుతుంది. ఆ ఖాళీలన్నీ తీసేశాను.

టీ ఫ్లాస్కు అయిపోయింది. ఒంటిగంట దాటింది. నలభై ఒక్క తేడాలు మిగిలాయి.

ఇక వాటిని ఒక్కొక్కటే పట్టుకున్నాను. ఈయనకు ప్రమోషన్. ఈ అమ్మాయికి పెళ్ళయి ఇంటిపేరు మారింది. ఈయన వేరే గనికి బదిలీ. బీరువాలోంచి సర్వీసు పుస్తకాలు తీసి, చూసి, పసుపు రంగు వేసి, కారణం రాశాను. నలభై అయిపోయాయి. నాలో నేను మురిసిపోతున్నాను. పొద్దున సార్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

నలభై ఒకటో వరుస దగ్గర చెయ్యి ఆగింది.

పాత ఫైల్లో... రాజయ్య.

కొత్త ఫైల్లో... ఓదెలు.

మీకు ఓదెలు కాక, అంటే నాకు బాబాయి వరసైన మనిషి, ఆయన సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేనెందుకు అలా బిగుసుకుపోయానో అర్థం కాదు. వెనకటి రోజుల్లో, గనిలోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు, పిలుపు కాగితం వచ్చినవాడు భయపడి వెనకాడితే ఆ కాగితం పట్టుకుని అన్నో తమ్ముడో పోయి చేరేవాడు. అప్పుడెవరూ గుచ్చిగుచ్చి అడగలేదు. దిగే మనిషి కావాలి, అంతే. అలా మా బొగ్గు బెల్టులో ఎందరికో రెండు పేర్లు. ఊళ్ళో ఒకటి, గనిలో ఒకటి. ఓదెలు కాక వాళ్ళ పెదనాన్న కొడుకు రాజయ్య పేరు మీద చేరాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాజయ్యగానే దిగాడు, రాజయ్యగానే ఎక్కాడు. రేషన్ కార్డు, ఆధార్, కూతురి బడి సర్టిఫికెట్... అన్నిట్లోనూ రాజయ్యే. జాగ్రత్తగా అన్నీ కుదుర్చుకున్నాడు. ఎందుకంటే బయటపడితే అది మారుపేరు కేసు. వారసుల ఉద్యోగం ఏళ్ళకేళ్ళు అక్కడే ఆగిపోతుంది.

నాకెలా తెలుసంటే, ఆయనా మా నాన్నా ఒకే గ్యాంగు. కాక మా ఇంటికొస్తే, మా నాన్న తలుపు దగ్గరికేసి అప్పుడు "ఓదెలూ" అని పిలిచేవాడు. నేను క్లర్కునయ్యాక ఆఫీసు కిటికీ దగ్గరికి వస్తే ఆయన ఎప్పుడూ పేరు చెప్పేవాడు కాదు. నంబరు చెప్పేవాడు.

"పేరేంది కాకా?" అని ఆటపట్టించేదాన్ని.

"నంబర్ చెప్పిన గద బిడ్డా. పేరుతోని ఏం పని?" అని నవ్వి, అటూ ఇటూ చూసేవాడు.

ఆ రాత్రికి ఆరు నెలల ముందు కాక దవాఖానలో పోయాడు. కూతురు రజిత డిగ్రీ చదివింది. తండ్రి ఉద్యోగం ఆమెకే రావాలి. కాగితాలన్నీ దాటాయి. ఈ పట్టిక ఒక్కటి పైకి పోతే చాలు, ఆర్డరు చేతికొచ్చేదే.

అలాంటి వరుసలో ఈ పేరు ఎలా వచ్చింది? కొత్త ఫైలు చేసింది నేనే కదా. నేను కొట్టలేదు. కొట్టినట్టు గుర్తు లేదు. సర్వీసు పుస్తకం తీసి చూశాను. రాజయ్య. కింద కాక వేలిముద్ర. వణుకు లాంటిదేం లేదు అప్పటికి. చిరాకు, అంతే. నిద్రమత్తులో ఎప్పుడో వేలు జారి ఉంటుంది అనుకున్నాను. దిద్దద్దని సార్ చెప్పారు కానీ, నేను చేసిన తప్పు నేను దిద్దుకుంటే ఏం? రాజయ్య అని కొట్టాను. సేవ్ చేశాను. తేడాలు నలభైకి దిగాయి.

సర్వీసు పుస్తకం బీరువాలో పెట్టి వచ్చి కూర్చున్నాను.

నలభై ఒకటి.

కిందికి పోయి చూశాను. ఓదెలు.

మళ్ళీ కొట్టాను. సేవ్. ఫైలు మూసి, తెరిచాను. ఓదెలు. మా నెట్‌వర్క్‌లోంచి ఎవరో ఇదే ఫైలు తెరిచి ఆటలాడుతున్నారేమో అనుకున్నాను. టేబుల్ కిందికి వంగి నెట్ వైరు పీకేశాను. ఇప్పుడు ఈ కంప్యూటరుకు బయటి లోకంతో సంబంధం లేదు. నేనూ అదీ. అంతే.

మూడోసారి కొట్టాను. రా... జ... య్య. ఎంటర్. నలభై. ఇక కన్ను తిప్పకూడదనుకున్నాను. రెప్ప కూడా వెయ్యకూడదు. చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను...

టక్.

కిటికీ దగ్గర. కార్మికులు వచ్చి నిలబడే కిటికీ. దాని చెక్క మీద ఎవరో చిన్న ఇనుప వస్తువు పెట్టినట్టు... ఒక్కటే చప్పుడు. తల తిప్పాను. ఎవరూ లేరు. చెక్క మీద ఏమీ లేదు. కిటికీ అవతల వరండా బల్బు, దాని కింద వాన చినుకులు. అంతే.

తల ఇటు తిప్పాను.

నలభై ఒకటి.

అప్పుడు తెలిసింది నాకు. ఏదో తక్కువైంది. గదిలో ఏదో లేదు. ఏంటది? ఏంటది... అని వెతుక్కుంటున్నాను. వాన పడుతోంది, కనబడుతోంది. కానీ చప్పుడు లేదు. వాన చప్పుడు లేదు. ఫ్యాన్...

ఫ్యాన్ చప్పుడు లేదు.

మా ఆయన కింద ఉన్నాడు. లేచి పరిగెత్తాలి. అరవాలి. కాళ్ళు లేవలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్కటే వినబడింది. ఊపిరి. కిటికీ అవతల. చాలా దూరం నడిచొచ్చిన మనిషి, మాట్లాడే ముందు ఆగి ఊపిరి తీసుకుంటాడే... అది. తీసుకుంటున్నాడు. వదులుతున్నాడు. తీసుకుంటున్నాడు. మాట మాత్రం రావడం లేదు.

ఎంతసేపు? ఒక నిమిషమా, పది నిమిషాలా... చెప్పలేను. చివరికి నా నోట్లోంచే మాట వచ్చింది.

"కాకా... నువ్వేనా?"

కిటికీ అవతల ఊపిరి ఆగింది.

భయం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది. పాపం, ఇంత కాలం ఇంకొకరి పేరు మోశాడు. సొంత పేరు నోటితో చెప్పుకోలేక నంబరు చెప్పుకుని బతికాడు. చచ్చాకైనా తన పేరు తనకు కావాలనుకుంటున్నాడు. ఇంకెవరిని అడుగుతాడు? ఆ పేరు తెలిసినదాన్ని ఆఫీసులో నేనొక్కదాన్నే కదా. అలా అనుకున్నాను. అలా అనుకున్నాను నేను.

"నీ పేరే ఉంచాల్నా కాకా? ఉంచుత. పో... ఇగ నిమ్మళంగ పో."

గుమ్మ్... మని ఫ్యాన్ చప్పుడు వచ్చింది. వాన చప్పుడు వచ్చింది. దూరంగా గేటు దగ్గర భజన పాట కూడా వినబడింది.

అదే జవాబు అనుకున్నాను.

ఆ గడికి పసుపు రంగు వేశాను. బయటికి పరిగెత్తి కొమురయ్య పక్కన పడ్డాను.

"కొమురన్నా... ఫ్యాన్ ఆగింది గద ఇప్పుడు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఫ్యాన్ ఆగితె నేను గిట్ల కూసుంటనా అక్కా? కింద నా కొడుకున్నడు."

"కిటికీకాడికి ఎవలన్న వచ్చిండ్రా?"

"నన్ను దాటుకుంట ఎవలస్తరు? చాయ్ తాగుతవా? మొఖమంత గట్లయిందేంది?"

తెల్లారేదాకా ఆ గొడుగు కిందే కూర్చున్నాను. మా ఆయన షిఫ్టు ముగించి నల్లటి మొహంతో పైకొస్తే, అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన సిగ్గుపడిపోయాడు.

భయం ఇంతటితో అయిపోయింది. అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది.

పొద్దున సార్ వచ్చారు. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కో పసుపు గడీ చూస్తూ వచ్చారు. "శభాష్" అన్నారు. "మంచిగ చేసినవ్" అన్నారు. నలభై ఒకటో గడి దగ్గర ఆగారు.

"ఇదేంది? పేరే మారింది. కారణం రాయలే."

ఆయనకు విషయం అర్థమైంది. అనుభవం ఉన్న మనిషి. ఇలాంటి కేసులు ఎన్ని చూశారో. గొంతు బాగా తగ్గించారు.

"చూడు సరితా. కొత్త ఫైల్ కొట్టింది నువ్వే గద. టైపింగ్ తప్పు అని రాస్త. రాజయ్య అని పెడ్త. నువ్వు సంతకం పెట్టు. అయిపోతది."

అయిపోయేది. అక్కడితో అయిపోయేది! నేను తల ఊపితే చాలు. రజిత ఈపాటికి నా పక్క టేబుల్ మీద కూర్చుని పనిచేస్తుండేది.

నా తలలో రెండు తిరుగుతున్నాయి. ఒకటి, రాత్రి కాకకు ఇచ్చిన మాట. అదొక్కటే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. రెండోది చెప్పాలంటే నోరు రావడం లేదు... టైపింగ్ తప్పు. సరిత ఫైల్లో టైపింగ్ తప్పు. దాని కింద సరిత సంతకం. అది నాకు నచ్చలేదు.

"తప్పు కాదు సార్" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. "ఆయన అసలు పేరు ఓదెలే. రాజయ్య వాళ్ళ అన్న. మా నాయిన చెప్పిండు నాకు."

సార్ తలుపు వైపు చూశారు. తలుపు తీసే ఉంది. హాజరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు వరండాలో నిలబడి ఉన్నారు. అందరూ ఒక్కసారి మాటలాపేశారు.

"ఎంత పని చేసినవమ్మా" అన్నారు సార్. తిట్టలేదు. అంత మెల్లగా అన్నారు.

తర్వాత ఆయనే ఎందుకో ఆ గడిలో రాజయ్య అని కొట్టి చూశారు. సేవ్ చేశారు. మూసి తెరిచారు. రాజయ్య అనే ఉంది. ఐదు నిమిషాలు చూశాం ఇద్దరం. కదల్లేదు. రాత్రంతా నాకు నిలవని పేరు ఆయన చేతికి చక్కగా నిలిచింది. ఓదెలు అని ఎవరు మార్చారో చూద్దామని ఫైలు చరిత్ర తీశారు. మూడుసార్లూ నా లాగిన్ పేరే ఉంది. రెండున్నరకీ మూడింటికీ మధ్యలో. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు కదా.

"నిద్ర లేక నువ్వే కొట్టినవేమో" అన్నారు సార్. ఏమో. నేనేనేమో. ప్రమాణం చేసి కాదనలేను.

అంతమంది విన్నాక దాచడం సార్ వల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపారు. పదిహేను రోజులకు పైనుంచి ఒకాయన పెద్దపల్లి పక్కన కాక వాళ్ళ ఊరికి విచారణకు పోయాడు. ఊళ్ళో అడిగితే ఏం చెబుతారు? "అవు సారు, మా ఓదెలే" అన్నారు. మంచి మాటే అనుకుని చెప్పారు. రజిత కాగితాలు మారుపేరు కేసుల కట్టలోకి పోయాయి.

నెల రోజులు ఆ ఇంటి వైపు పోలేకపోయాను. తర్వాత ఒక ఆదివారం పోయాను. కాక భార్య లచ్చవ్వ ఒక్కతే ఉంది. నన్ను చూసి చాప వేసింది. నా మీద కోపమేమీ కనబడలేదు. ఆమెకు తెలియదేమో అనుకున్నాను. ధైర్యం చేసి అడిగాను.

"అవ్వా, కాకకు సొంత పేరుతోని పిలిపించుకోవాలని ఉండెనా?"

లచ్చవ్వ నన్ను వింతగా చూసింది.

"గా పేరా? గా పేరంటె గజగజ వణికేటోడు బిడ్డా. ఊర్ల లగ్గాలకు పోతె ఎవలన్న గట్ల పిలుస్తరని ఊరికి వోవుడే బంద్ వెట్టిండు. తల్లి సచ్చిన్నాడు సుత చీకటివడ్డంక పోయి మొఖం జూసి, తెల్లారకముందే అచ్చిండు. దవాఖానల నా చెయ్యి వట్టుకొని ఒక్కటే మాట. పిల్లకు నౌకరి అచ్చేదాక గా పేరు ఎవలు ఎత్తద్దు, అని."

మరి ఆ రాత్రి... ఆ పేరు పెట్టింది...

"అసలు రాజయ్య ఏమయిండు అవ్వా?"

"ఏమైతడు. కూలి జేసుకుంట బతికిండు. ఏ కార్డుకు వోయినా 'రాజయ్యవు నువ్వెట్లయితవ్, ఆయన ఖనిల నౌకరి చేస్తున్నడు గద' అనెటోళ్ళంట. గా పేరు మీద ఒక్క కాయితం రాలే ఆయనకు. పోయినేడు ఎండలల్ల నడుసుకుంట మా ఇంటికచ్చిండు. లోపటికి రమ్మంటె రాలే. గడప అవుతలనే నిలవడ్డడు. మస్తు సేపు గట్లనే ఆయాసపడుకుంట నిలవడి, అప్పుడన్నడు. 'తమ్మీ, నౌకరి నీకే ఉండనీ... నా పేరు నాకియ్యి' అన్నడు."

"కాక ఏమన్నడు?"

"ఏమంటడు? పిల్ల నౌకరి అయినంక ఇస్త అన్నడు. ఆ రాజయ్య గంతల్నే సచ్చిపాయె. యాడాది తిరగకముందే మా ఆయన పాయె."

బయట ఎండ కాస్తోంది. పట్టపగలు. అయినా నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఆ రాత్రి కిటికీ అవతల ఉన్నది ఎవరో నేను అడగలేదు. నేనే ఒక పేరు పెట్టి పిలిచాను. నేనే ఒక ప్రశ్న అడిగాను. ఫ్యాన్ మోగితే అదే జవాబు అనుకున్నాను. ఓదెలు అని రాయించుకోవడానికి కాక రాలేదేమో... రాజయ్య అనే పేరును అక్కడినుంచి తీసుకుపోవడానికి అసలు రాజయ్యే వచ్చాడేమో. లేకపోతే ఇద్దరూ కాదు, తప్పు దొరకాలని ఆబగా చూసే నా బుద్ధే నా వేళ్ళతో ఆ పేరు కొట్టిందేమో. మూడూ నిజమే అనిపిస్తాయి. ఒక్కో రాత్రి ఒక్కొక్కటి.

రజిత ఇప్పుడు చౌరస్తాలో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. పోయిన వారం సాయంత్రం నా దగ్గరికొచ్చింది. చేతిలో దరఖాస్తు ఫారం.

"అక్కా, మల్లొకసారి అర్జీ పెట్టుమన్నరు. నువ్వే నింపి ఇయ్యి. నువ్వు రాస్తె తప్పు పోదంటరు గద."

కూర్చోబెట్టాను. చాయ్ ఇచ్చాను. నింపడం మొదలుపెట్టాను. పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. చదువు రాశాను. తర్వాత గడి, తండ్రి పేరు.

పెన్ను ఆగిపోయింది. రాజయ్య అని రాస్తే అబద్ధమని వెనక్కి పంపుతారు. ఓదెలు అని రాస్తే ఆయన మా కార్మికుడే కాదంటారు.

"ఏం పేరు రాయాలె చెల్లె?" అన్నాను చివరికి.

రజిత చాయ్ గ్లాసు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"నన్నడుగుతవేందక్కా? సార్ ముందట మా నాయిన పేరు చెప్పింది నువ్వే గద."

గొంతు పెంచలేదు. మామూలుగానే అంది. ఇన్నాళ్ళూ తెలిసే నాతో మాట్లాడుతోంది. తెలిసే నా దగ్గరికొచ్చింది. రాసిపెట్టడానికి ఆమెకు ఇంకో మనిషి లేదు.

నాకు మాట రాలేదు. క్షమించు అనైనా అనాలి కదా. అది కూడా రాలేదు. వాకిట్లో నిలబడి ఊపిరి తీసుకోవడం తప్ప మాట రాని మనిషి ఎలా ఉంటాడో అప్పుడు నాకు తెలిసింది. ఆమె కాసేపు చూసి, షాపుకు టైమైందని లేచి పోయింది.

ఫారం నా దగ్గరే ఉంది. ఇంకా ఆ గడి నింపలేదు.